సాయంత్రం క్లాసులో 5,040 కోట్లు

2009 జనవరి 8, గురువారం. మీకు నలభై దాటాయి. డిప్లొమాతో టాటా స్టీల్‌లో చేరారు, ఉద్యోగం చేస్తూనే ఏఎంఐఈ పాసయ్యారు, ఇప్పుడు క్రేన్ల మెయింటెనెన్స్‌లో అసిస్టెంట్ మేనేజరు. పొద్దున ఆరింటికి 'ఏ' షిఫ్టుకి వెళ్ళి రెండింటికి బయటపడ్డారు. అన్నం తిని ఓ కునుకు తీసి లేచేసరికి జంషెడ్‌పూర్ కదమా క్వార్టర్లో భోజనాల బల్ల మీద ఒక పక్క మీ అమ్మాయి పదో తరగతి లెక్కలు, ఇంకో పక్క మీ కాస్ట్ అకౌంట్స్ పుస్తకం. మధ్యలో ఇవాళ్టి పేపరు.

"నాన్నా, మీకూ ప్రీబోర్డు పెడతారా?"

"ఎల్లుండి క్విజ్ ఉందమ్మా."

వంటింట్లోంచి మీ ఆవిడ కేకేస్తుంది. "స్వెట్టరు ఏసుకుని ఎల్లండి. తిరిగొచ్చేసరికి చలి కొరికేస్తాది." మీ తాత శ్రీకాకుళం వైపు నుంచి కంపెనీలో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మూడు తరాలుగా బయట హిందీ, బెంగాలీ మాట్లాడుతున్నా ఇంట్లో ఆ యాస మాత్రం పోలేదు.

పేపర్లో మొదటి పేజీ అంతా సత్యం కంప్యూటర్సే. లెక్కలు తప్పుగా చూపామని ఒప్పుకుంటూ ఛైర్మన్ తన బోర్డుకీ స్టాక్ ఎక్స్ఛేంజీలకీ రాసిన ఉత్తరం నిన్న బయటపడింది. మీరు దాన్ని పొద్దుటే ఒకసారి చదివారు, షిఫ్టు నుంచి వచ్చాక మళ్ళీ చదివారు. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం దగ్గర ఎవరైనా కలిస్తే "మావాడికి సత్యంలో వచ్చింది" అని చెప్పుకోవడం తెలుగువాళ్ళకి ఎంత గొప్పగా ఉండేదో మీకు తెలుసు. అందుకే పేపరు మడిచి పుస్తకాల సంచిలో పెట్టుకున్నారు.

స్కూటరు తీశారు. సర్క్యూట్ హౌస్ ఏరియా పెద్ద దూరం కాదు. కర్మాగారం మీది ఆకాశం ఒక్కసారిగా ఎర్రబడింది. స్లాగ్ కుమ్మరిస్తున్నారన్నమాట. ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ మేనేజ్‌మెంట్ కాలేజీ గేటు దాటగానే చెట్లు, చలి, పగటి క్లాసుల పిల్లలు గుంపులుగా. వాళ్ళు ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళవాళ్ళు, దేశమంతా పోటీపడే పరీక్ష నెగ్గి వచ్చినవాళ్ళు. మీరు అదే ఆవరణలోకి సాయంత్రం, షిఫ్టు అలసటతో వస్తారు. మూడేళ్ళ కోర్సు.

ఈ కాలేజీ ఈ ఊళ్ళోనే ఎందుకు పుట్టిందో ఇక్కడ చెప్పాలి. 1949లో దీన్ని స్థాపించిన ఫాదర్ క్విన్ ఎన్‌రైట్ జెస్యూట్ పాదిరి. పెట్టిన పేరు జేవియర్ లేబర్ రిలేషన్స్ ఇన్‌స్టిట్యూట్. 1912లోనే ఎనిమిది గంటల పనిదినం, 1920లో జీతంతో కూడిన సెలవు, ప్రావిడెంట్ ఫండ్ వచ్చిన ఊరు ఇది. అదే ఊళ్ళో 1920, 1922, 1928లలో పెద్ద సమ్మెలూ జరిగాయి. ఇక్కడి కార్మిక సంఘానికి క్రైస్తవ మిషనరీగా భారతదేశానికి వచ్చిన సి.ఎఫ్. ఆండ్రూస్ అధ్యక్షుడిగా ఉన్నాడు, ఆయన తర్వాత సుభాష్ చంద్రబోస్ ఉన్నాడు. బతకడానికి చాలినంత కూలి, సంఘం పెట్టుకునే హక్కు పనివాడికి న్యాయంగా రావాలని పోప్ పదమూడవ లియో 1891లోనే 'రేరుమ్ నొవారుమ్' లేఖలో రాశాడు. ఆ ఆలోచనలో పెరిగిన పాదిరీలు యజమానికీ కార్మికుడికీ మధ్య కూర్చుని పాఠం చెప్పడానికి ఇంతకంటే తగిన చోటు దొరకదు. మతం మార్చడానికి కాదు, మీ క్లాసులో క్రైస్తవులు ఏ కొద్దిమందో.

పాఠం చెప్పే ఫాదర్ వచ్చారు. తెల్ల అంగీ లేదు, మామూలు చొక్కా, నీలం స్వెట్టరు. ఇవాళ వ్యాపార నీతి క్లాసు. పలకరింపులు లేకుండా బోర్డు మీద నాలుగు అంకెలు వేశారు: 5,040, 376, 1,230, 490.

"కూడండి."

7,136. అన్నీ కోట్లే, సత్యం ఛైర్మన్ ఉత్తరంలోవే. బ్యాంకుల్లో ఉన్నట్టు పుస్తకాల్లో చూపిన 5,361 కోట్లలో 5,040 కోట్లు అసలు లేవు. ఆ లేని డబ్బు మీద వచ్చినట్టు రాసుకున్న వడ్డీ 376. పుస్తకాల్లోకి ఎక్కని అప్పు 1,230. రావలసిన బాకీల్లో ఎక్కువ చేసి చూపింది 490. సెప్టెంబరు త్రైమాసికంలో నిర్వహణ లాభం 649 కోట్లని ప్రకటించారు, నిజంగా వచ్చింది 61 కోట్లు. నాలుగు నెలల కిందటే ఈ కంపెనీకి మంచి పాలనకుగాను గోల్డెన్ పీకాక్ అవార్డు ఇచ్చారు. మేనేజ్‌మెంట్ పాఠాలు చెప్పే పేరున్న ఆచార్యులు దాని బోర్డులో కూర్చున్నారు.

మీ పక్కన కూర్చునే, టెల్కోలో పనిచేసే బెంగాలీ మిత్రుడు మెల్లగా హిందీలో అడిగాడు, "మీవాళ్ళే కదా?"

ఎగతాళి లేదు ఆ గొంతులో. అయినా ఎక్కడో గుచ్చుకుంది. మీరు తలూపారు.

బోర్డు మీది 5,040నే చూస్తున్నారు మీరు. మీ స్టోర్లో ఒక్క బేరింగు తగ్గినా బిన్ కార్డు, లెడ్జరు, అరలోని సరుకు మూడూ కలిసేదాకా స్టోర్ కీపరు ఇంటికి పోడు. చెయ్యెత్తారు.

"ఫాదర్, ఆడిటరు బ్యాంకుకి తనే నేరుగా రాసి నిల్వ కనుక్కోవాలి కదా? జవాబు కూడా కంపెనీ చేతుల మీదుగా కాకుండా తన దగ్గరికే రావాలి కదా?"

"ఆ ప్రశ్న రాసి పెట్టుకోండి," అన్నారు ఫాదర్.

రాసుకున్నారు. రెండేళ్ళ తర్వాత, 2011 ఏప్రిల్‌లో, అమెరికా సెక్యూరిటీస్ కమిషన్, సత్యం లెక్కలను ఆడిట్ చేసిన ప్రైస్ వాటర్‌హౌస్ భారత సంస్థల మీద 60 లక్షల డాలర్ల జరిమానా వేసింది. బ్యాంకు ధ్రువీకరణలను ఆడిటర్లు తమ చేతిలో ఉంచుకోలేదన్నది అందులో ప్రధానమైన తప్పు. మీరు అడిగింది అదే. దాన్ని అడగడానికి పుస్తకం అక్కరలేదు, స్టోర్లో లెక్క సరిచూసిన అనుభవం చాలు. నలభైలో చదవడానికి వచ్చినవాళ్ళు ఏం తెస్తారని ఎవరైనా అడిగితే నేను చూపించేది దీన్నే.

ఆ సాయంత్రం క్లాసులో ఫాదర్ బోర్డు తుడిచేశారు. "ఛైర్మన్‌ని వదిలేయండి. ఆయన్ని తిట్టడం సులువు. మీరు అకౌంట్స్‌లో గుమాస్తా. ఇద్దరు పిల్లలు, ఇంటి లోను. మీ పై అధికారి వచ్చి ఒక్క ఇన్‌వాయిస్ తయారు చెయ్యమన్నాడు, లేని అమ్మకానికి. ఏం చేస్తారు?"

ఎవరూ పలకలేదు. ఇదే ప్రశ్న ఇరవై రెండేళ్ళవాళ్ళని అడిగితే "చెయ్యను" అని వెంటనే చెబుతారు, వాళ్ళు నిజమే చెబుతారు కూడా. ఈ గదిలో ఉన్నవాళ్ళు అలా చెప్పలేరు. వీళ్ళకి ఇంటి లోన్లున్నాయి. ఒకటో రెండో సంతకాల దగ్గర ఆగి ఆలోచించిన రోజులున్నాయి.

చివరికి వెనక వరసలోంచి ఆదిత్యపూర్‌లోని ఒక చిన్న విడిభాగాల యూనిట్‌లో పనిచేసే అతను లేచాడు. తమ దగ్గర తనిఖీ రిజిస్టరు నెలాఖరున ఒకేసారి నింపుతారని చెప్పాడు. కొలిచి రాయాల్సిన అంకెలు కొలవకుండానే రాస్తారు. సంతకం అతనిదే. మొదటి నెల కాదన్నాడు. "నీకొక్కడికే వచ్చిందా నీతి?" అన్నారు. రెండో నెల నుంచి పెడుతున్నాడు.

ఫాదర్ అతన్ని మందలించలేదు, ఓదార్చనూ లేదు. క్లాసు వైపు తిరిగి, "ఇతను వచ్చే నెల కాదనాలంటే ఆ యూనిట్‌లో ఏం మారాలి? మంచివాడిగా ఉండమని చెప్పకండి. పద్ధతి చెప్పండి," అన్నారు.

అక్కడి నుంచి అది వేరే క్లాసు అయిపోయింది. కొలిచేవాడు, రాసేవాడు, సంతకం పెట్టేవాడు ఒక్కడే కాకూడదన్నాడొకడు. ప్రొడక్షన్ టార్గెట్ మోసేవాడి కిందే తనిఖీ చేసేవాడు ఉంటే ఇంతే అన్నాడు ఇంకొకడు. ఇంటర్నల్ ఆడిటరు ఫైనాన్స్ అధికారికి కాక బోర్డు ఆడిట్ కమిటీకి జవాబుదారీ కావాలని పుస్తకంలో చదివిన వాక్యానికి ఇప్పుడు మీకు అర్థం తెలిసింది. బెంగాలీ మిత్రుడు, "పేరు బయటపడకుండా చెప్పుకునే చోటు ఉండాలి, చెప్పినవాడిని బదిలీ చెయ్యకూడదు," అన్నాడు. మీరు రాస్తూనే ఉన్నారు. చిన్న గుమాస్తా భయపడకుండా కాదనగలిగేలా కుర్చీలు వెయ్యడమే మేనేజరు పని అని నోట్సు అంచున రాసి కింద గీత గీశారు.

నీతిని గోడ మీది సూక్తిగా కాక, లాభనష్టాల పట్టిక ఎంత కచ్చితంగా చెబుతారో అంత కచ్చితంగా ఇక్కడ చెబుతున్నారు. ఫాదర్ అడిగే ప్రశ్న ప్రతి కేసులోనూ ఒకటే: ఈ నిర్ణయం బరువు చివరికి ఎవరి మీద పడుతుంది? సత్యంలో అది ఏ తప్పూ ఎరగని యాభై వేలకు పైగా ఉద్యోగుల మీద పడింది. క్రైస్తవ కాలేజీ మేనేజ్‌మెంట్ చదువుకి ఇవ్వగలిగిన గొప్ప విషయం ఈ ప్రశ్నే అని నా నమ్మకం. దీనికి బాప్తిస్మం అక్కరలేదు. హిందువైనా ముస్లిమైనా సర్నా కొలిచే సంతాలీ అయినా దీనికి జవాబు చెప్పాల్సిందే.

క్లాసు వదిలేసరికి చలి బాగా ముదిరింది. టీ బండి దగ్గర ఆదిత్యపూర్ అతను మీకూ ఒక గ్లాసు చెప్పాడు. వచ్చే వారానికల్లా వాళ్ళ రిజిస్టరుకి కొత్త ఫారం గీసి మీకు చూపిస్తానన్నాడు. కొలిచినవాడి సంతకం ఒక గడిలో, సరిచూసినవాడిది ఇంకో గడిలో.

ఇది చదువుతున్నవారిలో నలభై దాటాక మళ్ళీ కాలేజీ ఏమిటని వెనకాడేవారు ఉంటే, మీ ఊరి కాలేజీలో సాయంత్రం క్లాసులున్నాయేమో కనుక్కోండి. ఉంటే ఫీజుతో పాటు ఇదీ అడగండి: నీతి పాఠానికి మార్కులున్నాయా, దాన్ని ఎవరు చెబుతారు, సాయంత్రం వచ్చే ఉద్యోగులకీ చెబుతారా? జవాబు సూటిగా వస్తే ఫారం నింపండి.