చివరి సందుకు చేరిన సూది

ముస్లింలు టీకాకు భయపడతారని, మతం అడ్డం వస్తుందని 2021లో మా అనంతపురం అంగళ్ళ దగ్గర కూడా అన్నారు. దీనికి జవాబు చెప్పాలంటే ఒక ఏడాది వెనక్కి పోవాలి.

2020 మార్చి చివర ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్ పేరు టీవీల్లో మోగింది. కరోనాకు మతం వచ్చింది. మా గడ్డం, మా టోపీ రోగలక్షణాలయ్యాయి. ఆ ఆగస్టులోనే బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి విదేశీ తబ్లీగీల మీది కేసులు కొట్టేసింది. వాళ్ళను బలిపశువులుగా ఎంచుకున్నట్టుందని చెప్పింది. 70 మంది భారతీయుల మీది కేసుల్ని ఢిల్లీ హైకోర్టు 2025 జులైలో కొట్టేసింది. నింద ఒక్క రాత్రిలో ఇల్లిల్లూ చేరింది. తీర్పు మాత్రం నడిచి వచ్చింది.

ఈ నింద ఆరకముందే, 2021 జనవరి 16న దేశంలో టీకాలు మొదలయ్యాయి. పందికొవ్వు ఉందన్నారు, పిల్లలు పుట్టరన్నారు. పుకారు మా వాడలో తిరిగింది, పక్కవాడలోనూ తిరిగింది. నిజానికి కోవిషీల్డ్‌లో గానీ, హైదరాబాదులో తయారైన కోవాక్సిన్‌లో గానీ పందికొవ్వు లేదు. టీకాతో రోజా చెడదని రంజాన్‌కు ముందే లక్నో ఫిరంగీమహల్ ఉలేమా ఫత్వా ఇచ్చారు. మరి మతం ఎక్కడ అడ్డం వచ్చింది?

అడ్డం వచ్చినవి వేరే. 18 నిండినవాళ్ళకు మే 1 నుంచి టీకా అన్నారు. ముందు కోవిన్‌లో పేరు నమోదు కావాలన్నారు. అది అప్పటికి ఇంగ్లీషులో ఉంది. రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టేవాడికి, పరుపులు కుట్టే దూదేకులాయనకు, వానల్లేక బెంగుళూరు పోయిన కూలీకి ఫోన్లో వేట ఎట్లా కుదురుతుంది? సూది పడితే జ్వరం, జ్వరమొస్తే కూలి పోతుంది.

ఇంకో పక్క చూడండి. కదిరి వైపు నుంచి మా ఆడవాళ్ళు ఇంటిపనికి కువైట్ పోతారు. ఆ దేశం అప్పుడు కోవాక్సిన్‌ను ఒప్పుకోలేదు. కోవిషీల్డే కావాలి, రెండు డోసులూ పడాలి. మధ్యలో 84 రోజుల ఎడం. విదేశీ పనులకు పోయేవాళ్ళకు 28 రోజులకే రెండో డోసు వెయ్యొచ్చని జూన్‌లో కేంద్రం సడలించింది. పొట్టకూటి కోసం సూదిని వెతుక్కున్నవాళ్ళను సూదికి భయపడ్డారంటారా?

ఊళ్ళోకి సూది వస్తే జనం చెయ్యి చాపారు. 2021 జూన్ 20న ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కరోజే 13 లక్షలకు పైగా డోసులు పడ్డాయి. ఆ వరసల్లో మేమూ ఉన్నాం.

చరిత్రలో ఇంకో సంగతి ఉంది. పెద్ద మశూచి సహజంగా సోకిన చివరి మనిషి 1975లో బంగ్లాదేశ్ పాప రహీమా బాను. చిన్న రకం మశూచికి చివరివాడు 1977లో సోమాలియా ఆసుపత్రి వంటవాడు అలీ మావ్ మాలిన్. ఆయన తర్వాత పోలియో టీకాల కోసం ఊరూరా తిరిగాడు. 2013లో ఆ పనిలో ఉండగానే చనిపోయాడు. మన దేశంలో అడవి పోలియో చివరి కేసు, 2011 జనవరిలో బెంగాల్ హౌరా జిల్లా పాప, ముస్లిం ఇంటి బిడ్డే.

రోగాల చివరి పేర్లు మావి కావడం మతం వల్ల కాదు. ప్రభుత్వాల చెయ్యి చిట్టచివర చేరే పేద సందుల్లో మేమున్నాం గనక. 2022 జులై 17న దేశం 200 కోట్ల డోసులు దాటింది. ఆ లెక్క గొప్పదే. ఇంకో మహమ్మారి వచ్చినప్పుడు మా సందుకు నింద కన్నా ముందు సూది రావాలి. మేం అడిగేది అంతే.