జాకెట్టు కాదు, పైలట్ కోటు!

మా మార్కాపురం, గిద్దలూరు వైపు చలికాలమంటే తెల్లవారుజామున శాలువా కప్పుకుంటే తీరిపోయే ముచ్చట. వేసవి వచ్చిందంటే పలకరాయి మీద కాలు పెట్టలేం. అలాంటి ఊళ్లో కుర్రాళ్లు నడుం దగ్గర బిగుతుగా, తళతళలాడే జిప్పుతో పైలట్ జాకెట్లు తొడుక్కు తిరుగుతుంటే నాకు నవ్వొస్తుంది. (జాకెట్టంటే మనకు రవికే గానీ, ఇది వేరు లెండి!)

నిజానికిది సోకు కోసం పుట్టిన కోటు కాదు. కిలోమీటరు పైకి పోయేకొద్దీ సుమారు ఆరున్నర డిగ్రీల వేడి తగ్గిపోతుంది. మొదటి ప్రపంచయుద్ధం నాటి విమానాల్లో చాలావాటికి పైకప్పే లేదు. ఎదురుగాలికి వేళ్లు కొంకర్లు పోయేవి. అందుకే అమెరికావాళ్లు 1917లో వైమానికుల బట్టల కోసం ప్రత్యేకంగా ఒక బోర్డే పెట్టారు. 1931లో ఏ-2 అనే తోలుకోటు వచ్చింది. బొత్తాల స్థానంలో జిప్పు, నడుముకూ చేతులకూ మనం స్వెటరుకు వేసే పట్టీలాంటి అల్లిక. గాలి దూరే సందు లేకుండా చూడటమే అందులోని కిటుకు. ఇంగ్లండులో పారాచ్యూట్లు తయారుచేసే లెస్లీ ఇర్విన్ అయితే గొర్రెచర్మాన్ని ఉన్ని లోపలికి వచ్చేలా తిప్పి కోటు కుట్టించాడు.

మన నెల్లూరు జాతి గొర్రెతో ఆ కోటు కుదరదు సుమండీ. దానికి ఉన్నెక్కడిది, పొట్టి వెంట్రుకలే! అలాగని తోలు విద్య మనకు కొత్తా? గట్ల మీద పచ్చగా పూస్తుందే తంగేడు, దాని బెరడుతో పదును చేసిన తోళ్లు మద్రాసు రేవు నుంచి ఇంగ్లండుకు ఓడలెక్కేవి. మొదటి యుద్ధంలో సిపాయిల బూట్లకు అవే పనికొచ్చాయి.

తోలుతో ఒక చిక్కుంది. వానకు తడిసి పైకెళితే బిర్రబిగుసుకుపోతుంది. 1943లో అమెరికా సైన్యం గుడ్డకోటుకు మారింది. జెట్ విమానాలొచ్చాక నైలాను ఎంఏ-1 వచ్చింది. బొచ్చు కాలరు పారాచ్యూట్ పట్టీలకు అడ్డమని తీసేశారు. తర్వాత లోపలి గుడ్డకు నారింజరంగు వేశారు. విమానం కూలితే కోటు తిరగేసి తొడుక్కుంటాడు; వెతికేవాళ్లకు దూరం నుంచే కనిపిస్తాడు. కోటు మొత్తంలో నాకు గౌరవం ఆ లోపలి గుడ్డ మీదే.

ఇంత ఆలోచించినవాళ్లకు ఆడవాళ్ల కొలతలు మాత్రం తట్టలేదు. రెండో యుద్ధంలో అమెరికాలో వాస్ప్ అనే దళంలో 1,074 మంది స్త్రీలు శిక్షణ ముగించి సైనిక విమానాలు నడిపారు. టెక్సాస్‌లో శిక్షణకు వాళ్ల చేతికిచ్చినవి మగవాళ్ల దుస్తులు! అన్న చొక్కా తొడుక్కున్న చెల్లెళ్లలా చేతులూ కాళ్లూ మడుచుకుని, నడుముకు బెల్టు బిగించుకుని విమానం ఎక్కారు.

2016 జూన్ 18న హైదరాబాదు దగ్గరి దుండిగల్‌లో అవని చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ మన వైమానిక దళపు తొలి మహిళా యుద్ధవిమాన పైలట్లయ్యారు. పేపర్లో ఫొటో చూసి ఇంట్లో అందరూ వాళ్ల మొహాలు చూస్తుంటే, నా కళ్లు మాత్రం చేతుల అంచుల మీదికి పోయాయి.