అంతరాత్మ ఎప్పుడు మేలుకుంటుంది?

మన రాజకీయాల్లో "అంతరాత్మ ప్రబోధం" అనే మాట పత్రికల భాషలోకి వచ్చింది 1969లో. రాష్ట్రపతి ఎన్నికలకి కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డి. ఆయన నామినేషన్ పత్రం మీద ప్రధాని ఇందిరాగాంధీ స్వయంగా సంతకం చేసింది. ఆ తర్వాత, అంతరాత్మ చెప్పినట్టు ఓటు వెయ్యండని తన పార్టీవాళ్ళకే చెప్పింది. వి. వి. గిరి గెలిచాడు. ఆ నవంబర్లో నిజలింగప్ప వర్గం ఆమెని పార్టీ నుంచి బహిష్కరించింది, కాంగ్రెస్ రెండుగా చీలింది. పాత నాయకుల దృష్టిలో అది నమ్మకద్రోహం. ఆమె గెలిచింది కాబట్టి చరిత్రలో దాని పేరు మారిపోయింది.

ఇందిర చుట్టూ తిరిగిన విధేయుల కథ ఇక్కణ్ణుంచి మొదలుపెడితేనే అర్థమవుతుంది. అంతరాత్మ పేరుతో పార్టీని గెలుచుకున్న మనిషి, ఆ తర్వాత పార్టీలో ఇంకెవరికీ అంతరాత్మ అవసరం లేకుండా చేసింది. ముఖ్యమంత్రుల్ని ఎమ్మెల్యేలు ఎన్నుకోవడం పేరుకే, పేరు ఢిల్లీ నుంచే వచ్చేది. 1964 నుంచి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా ఉన్న కాసు బ్రహ్మానందరెడ్డి 1971లో అలాగే దిగిపోయి పి. వి. నరసింహారావుకి చోటిచ్చారు. తర్వాత కేంద్రంలో మంత్రి పదవి దొరికింది. 1974లో హోంమంత్రి అయ్యారు.

1975 జూన్ 25 రాత్రి ఆయన్ని ప్రధాని ఇంటికి పిలిపించారు. దేశమంతా ఎమర్జెన్సీ పెట్టబోతున్న సంగతి దేశ హోంమంత్రికి అప్పటికిగానీ తెలియదు! 1971 యుద్ధం నాటి ఎమర్జెన్సీ ఇంకా అమల్లోనే ఉంది కదా, ఆ అధికారాలు చాలవా అని తాను అన్నట్టు ఆయన తర్వాత షా కమిషన్ ముందు చెప్పారు. చాలవన్నారు. సరే, మీ ఇష్టం అన్నారు, రాష్ట్రపతికి వెళ్ళాల్సిన లేఖ మీద సంతకం పెట్టారు. చట్టం తెలిసిన మనిషి, అనుభవం ఉన్న మనిషి. సందేహం వచ్చింది, అడిగారు కూడా. కానీ ఆ సందేహం సంతకాన్ని ఆపేంత బలమైంది కాదు.

అప్పుడు ఆ పార్టీలో అందరూ ఇలాగే ఉన్నారా? లేరు. జయప్రకాశ్ నారాయణతో మాట్లాడదామన్నందుకు మోహన్ ధారియా 1975 మార్చిలోనే మంత్రి పదవి పోగొట్టుకున్నాడు. చంద్రశేఖర్ సాక్షాత్తూ కాంగ్రెస్ వర్కింగ్ కమిటీ సభ్యుడు. ఎమర్జెన్సీలో ప్రతిపక్ష నాయకులతోపాటు ఆయన్నీ జైల్లో పెట్టారు. కాబట్టి "ఆ రోజుల్లో ఎవరు మాత్రం ఏం చెయ్యగలరు" అన్న సమర్థన పూర్తిగా నిలబడదు. చెయ్యగలిగినవాళ్ళు ఉన్నారు, దానికి మూల్యం చెల్లించారు. మిగిలినవాళ్ళు లెక్క చూసుకున్నారు.

ఆ లెక్క 1977లో మారింది. ఎన్నికలు ప్రకటించగానే జగ్జీవన్‌రామ్ ఫిబ్రవరి 2న రాజీనామా చేసి బయటికొచ్చాడు. ఎమర్జెన్సీకి ఆమోదం కోరుతూ లోక్‌సభలో తీర్మానం పెట్టింది ఆయనే. ఉత్తరాదిలో కాంగ్రెస్ తుడిచిపెట్టుకుపోయింది, ఇందిర రాయబరేలీలో ఓడిపోయింది. మన దగ్గర మాత్రం 42లో 41 సీట్లు కాంగ్రెస్‌వే. ఆ మిగిలిన ఒక్కటీ నంద్యాల, అక్కడ గెలిచింది సంజీవరెడ్డి. కొద్ది నెలల్లోనే ఆయన ఏకగ్రీవంగా రాష్ట్రపతి అయ్యారు.

ఓడిపోయాక పార్టీ అధ్యక్షుడిగా ఎన్నికైంది బ్రహ్మానందరెడ్డే. "ఇందిరే ఇండియా" అన్న దేవకాంత బారువా కూడా ఆమెకి దూరమయ్యాడు. ఎమర్జెన్సీ సలహా ఇచ్చిన సిద్ధార్థ శంకర్ రే షా కమిషన్ ముందు ఆమెకి వ్యతిరేకంగానే మాట్లాడాడు. 1978 జనవరి మొదట్లో ఇందిర వేరుగా సమావేశం పెట్టుకుంటే, బ్రహ్మానందరెడ్డి నాయకత్వంలోని కాంగ్రెస్ ఆమెని బహిష్కరించింది. ఎమర్జెన్సీ లేఖ మీద సంతకం పెట్టిన హోంమంత్రే, రెండున్నరేళ్ళ తర్వాత ప్రజాస్వామ్యం పేరుతో ఆమెని బయటికి పంపారన్నమాట.

జనం దీన్ని నమ్మలేదు. ఆ ఫిబ్రవరిలోనే ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఎన్నికలొచ్చాయి. ముఖ్యమంత్రి జలగం వెంగళరావు ఉన్న రెడ్డి కాంగ్రెస్‌కి 294లో 30 సీట్లు వస్తే, చెయ్యి గుర్తు మీద కొత్తగా పోటీ చేసిన ఇందిర కాంగ్రెస్‌కి 175 వచ్చాయి. ఆమె తరఫున రాష్ట్రంలో పార్టీని నడిపిన మర్రి చెన్నారెడ్డి ఎవరు? 1971లో తెలంగాణ ప్రజాసమితిని ఆమె పార్టీ మీదే పోటీకి దింపి పది లోక్‌సభ సీట్లు గెలిపించిన నాయకుడు. నిన్నటి ప్రత్యర్థి కష్టకాలంలో నిలబడితే, నిన్నటి విధేయులు తప్పుకున్నారు.

అయితే నిలబడినవాళ్ళకి ఏం దక్కింది? కర్ణాటకలో దేవరాజ్ అర్స్ ఆమెతోనే ఉన్నాడు, చిక్‌మగళూరు ఉపఎన్నికలో గెలిపించి లోక్‌సభకి పంపాడు. ఏడాది తిరక్కుండా, 1979లో, ఆయన్నే పార్టీ నుంచి వెళ్ళగొట్టారు. చెన్నారెడ్డిని 1980లో ముఖ్యమంత్రి పదవి నుంచి దింపేశారు. తర్వాత రెండేళ్ళలో అంజయ్య, భవనం వెంకట్రామ్, విజయభాస్కరరెడ్డి వరసగా వచ్చి వెళ్ళారు. 1983లో ఎన్టీ రామారావు తెలుగువాళ్ళ ఆత్మగౌరవం అంటే అది అంతగా తగలడానికి ఈ మార్పిళ్ళు ఒక పెద్ద కారణం.

ఇక బహిష్కరించినవాళ్ళో? వాళ్ళూ తిరిగొచ్చారు. వెంగళరావు రాజీవ్‌గాంధీ ప్రభుత్వంలో కేంద్రమంత్రి, బ్రహ్మానందరెడ్డి 1988లో మహారాష్ట్ర గవర్నరు. ద్రోహానికి శిక్ష లేదు, విధేయతకి భరోసా లేదు.

వీళ్ళని చెడ్డవాళ్ళుగా తేల్చెయ్యడం సులభం. వెంగళరావు, బ్రహ్మానందరెడ్డి ఇద్దరూ పాలన తెలిసినవాళ్ళే. లోపం ఇంకోచోట ఉంది. నాయకురాలితో విభేదిస్తూనే పార్టీలో ఉండే వీలు పోయాక, మిగిలేవి రెండే దారులు: భజన, లేదా గోడ దూకడం. ఈ రెండూ చేసింది తరచుగా ఒకే మనుషులు. వాళ్ళ తిరుగుబాటు నిజమైందా కాదా అని తేల్చుకోవడానికి అది ఏ తేదీన జరిగిందో చూస్తే చాలు. 1975 మార్చిలో మాట్లాడిన ధారియాదీ, 1978 జనవరిలో మాట్లాడిన బ్రహ్మానందరెడ్డిదీ ఒకటే అభిప్రాయం కావచ్చు. మధ్యలో ఇరవయ్యొక్క నెలల ఎమర్జెన్సీ గడిచింది, జైళ్ళు నిండాయి. ఆలస్యంగా చెప్పిన నిజం వాళ్ళెవరికీ పనికిరాలేదు.