బుగ్చా, బారీ, ఉతరన్

మొన్న ఆదివారం మా ఇంట్లో పిల్లల బట్టల అల్మారా ఖాళీ చేశాం. అన్నీ తీసి మంచం మీద పోస్తే, నా కొడుకు ఒక్కసారే తొడిగి పొట్టివైపోయిన కుర్తాలు మూడు దొరికాయి. అవి అడుగున పడిపోయాయి. పైన ఉన్న నాలుగు జతలే ఉతుకుతూ, తొడుగుతూ ఏడాది గడిపేశాం. "మీ అమ్మీ ఉంటే ఇట్లా కానిచ్చేదా?" అంది మా బేగం.

కానిచ్చేది కాదు. అమ్మీ దగ్గర అల్మారా లేదు. ఒక ఇనుప సందూఖ్, అందులో బుగ్చాలు ఉండేవి.

బుగ్చా అంటే ఏమిటో మన పిల్లలకు ఇప్పుడు చెప్పాల్సి వస్తోంది. అదొక చదరపు గుడ్డ. మధ్యలో మడతపెట్టిన బట్టలు పెట్టి, నాలుగు మూలలు లోపలికి మడిచి ముడేస్తారు. మాట తుర్కుల నుంచి వచ్చింది. గుర్రాల మీద తిరిగే జనానికి అల్మారాలెక్కడివి? అల్మారా పుర్తగాలీ వాళ్ళు తెచ్చిన మాట, చాలా తర్వాత వచ్చింది. పాదుషాల బట్టలు కూడా మూటల్లోనే ఉండేవి.

16వ శతాబ్దం చివర అబుల్ ఫజల్ రాసిన ఆయినే అక్బరీలో అక్బర్ బట్టల ఖజానా మీద ఒక అధ్యాయమే ఉంది. ప్రతి మౌసమ్‌కూ పాదుషా కోసం 1000 జతలు కుట్టేవారట. వాటిలో 120 జతలు, 12 మూటలుగా కట్టి, ఎప్పుడూ తయారుగా ఉంచేవారు. అన్నిటికంటే నాకు నచ్చింది ఆ వరుస. ముందు వచ్చిన బట్టకు ముందు స్థానం. విలువ ఒకటే అయితే ఏ రోజు వచ్చిందో చూడాలి. రోజూ సమానమైతే తేలికైన బట్ట పైన. బరువూ సమానమైతే రంగును బట్టి. చదువుతుంటే మా అమ్మీ సందూఖే కళ్ళ ముందు మెదిలింది.

అమ్మీకి ఆయినే అక్బరీ తెలియదు. కానీ ఆమెకూ ఒక ఆయిన్ ఉండేది. ఈద్‌కు కుట్టిన జత ఏడాదిపాటు ఈద్ బుగ్చాలో ఉండాలి, దావత్‌లకు మాత్రమే బయటికి రావాలి. మరుసటి ఈద్‌కు అది జుమ్మా బుగ్చాలోకి దిగుతుంది. ఆ పైన ఇంట్లో తొడుక్కునేది అవుతుంది. పొట్టిదైతే చిన్నవాడికి. చివరికి పోఛా. వేపాకు వేసి ముడేసిన ప్రతి మూటకూ ఒక బారీ ఉంది. ముగ్గురు అన్నదమ్ముల్లో నేను మూడోవాణ్ణి. మా పెద్ద భాయ్ షేర్వానీ కోసం ఏడిస్తే అమ్మీ అనేది: "సబర్ కర్ రే, తేరీ బారీ ఆతీ."

ఇంకో నియమం కూడా ఉండేది. అన్న ఒంటి మీది బట్ట నేరుగా తమ్ముడి ఒంటి మీదికి రాకూడదు. ఉతికి, గంజి పెట్టి, గుండీలు మార్చి, ఒక మౌసమ్ బుగ్చాలో ఉంచేది. తీసి ఇచ్చేటప్పటికి అది అన్నది అన్న సంగతి మాకు సగం మరుపుకొచ్చేది. మురిపెంగా తొడుక్కునేవాళ్ళం.

ఒకరు తొడిగిన బట్ట ఇంకొకరికి ఇవ్వడం మన చరిత్రలో మూడు రకాలుగా కనిపిస్తుంది. మొగల్ దర్బారులో పాదుషా స్వయంగా తొడిగిన వస్త్రాన్ని ఖిలత్‌గా ఇస్తే, అంతకు మించిన ఇజ్జత్ లేదు. అదే పాత బట్ట డ్యోఢీలో బేగం చేతి నుంచి పనిమనిషి చేతికి వెళితే ఉతరన్. నవాబు బిడ్డ విడిచిన బట్టలు కట్టుకుని పెరిగిన పిల్ల గుండె ఎట్లా రగులుతుందో వాజిదా తబస్సుమ్ 'ఉతరన్' కథ చదివినవాళ్ళకు తెలుసు. మూడోది మన ఇళ్ళలోని బారీ. గుడ్డ ఒకటే. ఇచ్చే తీరును బట్టి దాని పేరు మారిపోతుంది.

మాది మహబూబ్‌నగర్. ఊరి పేరులోనే ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ (1866–1911) ఉన్నాడు. హైదరాబాదు పురానీ హవేలీలో ఆయన బట్టల అల్మారా మీలో చాలామంది చూసే ఉంటారు. మహల్‌లో ఒక పక్క మొత్తం అదే. రెండు అంతస్తులు, చేత్తో తిప్పే చెక్క లిఫ్టు. తొడిగినది మళ్ళీ తొడిగేవాడు కాదని చెప్పుకుంటారు. ఆయన కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ నలిగిన షేర్వానీ, మాసిన టోపీతో తిరిగేవాడని అంతకంటే ఎక్కువగా చెప్పుకుంటారు. ఆ అల్మారా ముందు నిలబడితే నాకు వేరే సవాల్ తోస్తుంది: ఇవన్నీ ఉతికిందెవరు?

తెలంగాణ పల్లెల్లో ఆ రోజుల్లో దొరల మూటలు వెట్టికి ఉతికినవాళ్ళున్నారు. 1940లలో విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచిన పాలకుర్తి ఐలమ్మ ఆ చాకలి కుటుంబాల బిడ్డే. అల్మారాల చరిత్రలో రేవు గురించి ఎవరూ రాయరు.

మా ఇంటి మూట తీసుకెళ్ళే అక్క బట్టల మీద నల్లజీడి రసంతో మా ఇంటి గుర్తు పెట్టేది. ఎన్నిసార్లు ఉతికినా పోని గుర్తు. నా తర్వాత తమ్ముడు లేడు కాబట్టి, నాకు పొట్టివైన అంగీలు అమ్మీ ఆమె కొడుక్కిచ్చేది. ఒకరోజు గల్లీలో గిల్లీదండా ఆడుతుంటే ఆ పిల్లాడు నన్ను ఓడించాడు. కోపంతో వాడి కాలర్ పట్టుకుని లోపలున్న నల్ల గుర్తు అందరికీ చూపించాను. "ఇది నా అంగీ" అన్నాను. వాడేమీ అనలేదు. అంగీ విప్పి నా చేతిలో పెట్టి, ఉత్త ఒంటితో ఇంటికి పోయాడు.

అమ్మీ నన్ను కొట్టలేదు. ఆ అంగీ చేత్తో పట్టుకుని చాలాసేపు చూసింది. "గుండీలు కూడా మార్చకుండానే ఇచ్చాను" అంది, నాతో కాదు, తనతోనే. తన ముగ్గురు కొడుకులకూ చేసిన ఇన్సాఫ్ గడప దాటేసరికి ఎందుకు మరిచిందో అప్పుడు ఆమెకు అర్థమైంది. నాకు అర్థం కావడానికి ఇంకా ఇరవై ఏళ్ళు పట్టింది. ఆ ఈద్‌కు అమ్మీ మూడు జతలకు బదులు నాలుగు జతల గుడ్డ కొన్నది. నాలుగో జత మీద నల్లజీడి గుర్తు లేదు. ఆ పిల్లాడు మాత్రం మళ్ళీ మాతో ఆడటానికి రాలేదు.

మొన్నటి మూడు కుర్తాలకూ మా ఇంట్లో బారీ లేదు, నాకు ఒక్కడే కొడుకు. ఎవరికైనా ఇవ్వాలి. బేగం సూదీదారం తెచ్చింది. నేను గుండీలు మారుస్తుంటే మా వాడు పక్కన కూర్చుని, కొత్తగానే ఉన్నాయి కదా అబ్బా, ఎందుకు మారుస్తున్నావని అడిగాడు. ఈ కథంతా చెప్పాను, కాలర్ పట్టుకున్న ముచ్చటతో సహా.