తిరిగి అనలేని తిట్టు

తిట్టు లేని భాష లేదు. మన పల్లెల్లోనూ తిట్లకు కరువేమీ లేదు. బావామరదళ్ళు ఒకరినొకరు అనుకునే మాటలు కొత్తవాళ్ళు వింటే కొట్లాట జరుగుతోందనుకుంటారు. పెళ్ళి పందిట్లో ఆ మాటలు లేకపోతే సందడే ఉండదు. అవి ఎవరినీ నొప్పించవు. మాటకు మాట అనే హక్కు అవతలివాళ్ళకూ ఉంది కాబట్టి. పశువులు చేలో పడ్డప్పుడు కోపంతో తిట్టుకున్నా అంతే. ఊరి పెద్దలు ఇద్దరినీ కూర్చోబెడితే సాయంత్రానికి చల్లారిపోతుంది.

మరో రకం తిట్టు ఉంది. సంతలో బేరం కుదరకపోతే "కోయోడికేం తెలుసు" అంటారు. తరగతిలో లెక్క రాకపోతే "చెంచోడిలా చూస్తావేంట్రా" అంటారు. నలుగురు గట్టిగా మాట్లాడితే "లంబాడోళ్ళ గోల" అంటారు. ఏదైనా వస్తువు పోతే ముందు ఎరుకలవాళ్ళ ఇళ్ళవైపు చూస్తారు. ఈ మాటల్లో బూతు ఒక్కటీ లేదు. ఉన్నది ఒక తెగ పేరు మాత్రమే. మన పేరే మనకు తిట్టు. దీనికి తిరిగి అనడానికి మన దగ్గర మాట లేదు. షావుకారును షావుకారు అంటే, ఆఫీసరును ఆఫీసరు అంటే అది తిట్టు కాదు, మర్యాద. ఈ తేడా భాషలో పుట్టింది కాదు. చరిత్రలో పుట్టింది.

కోయలు తమను తాము కోయతోర్ అని చెప్పుకుంటారు. మనిషి, మన జనం అని దాని భావం. ఆ పేరులో తక్కువతనం ఏమీ లేదు. మన్యంలో 'దొర' అన్నది కూడా మనవాళ్ళ పేర్ల చివర ఉన్న గౌరవపదం. 1922-24 పోరాటంలో అల్లూరి సీతారామరాజు పక్కన నిలబడిన గాం గంటం దొర, గాం మల్లు దొర పేర్లు అందరికీ తెలిసినవే. కొండదొర అన్నది ఒక తెగ పేరే. అదే 'కోయదొర' ఇవాళ పట్నంలో మూలికలు అమ్మి జాతకం చెప్పే వేషంగా, సినిమాలో నవ్వించే పాత్రగా మిగిలింది. మాట మారలేదు. దాన్ని పలికేవాళ్ళ చేతిలో ఉన్న బలం మారింది.

ఆ బలం ఎక్కడినుంచి వచ్చిందో తెలియాలంటే ఎరుకల వాళ్ళ చరిత్ర చూడాలి. రైళ్ళు రాకముందు ఎరుకలవాళ్ళు, లంబాడీలు గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంటూ ఊరూరా తిరిగేవారు. ఊళ్ళకు వాళ్ళు కావలసినవాళ్ళు. రైళ్ళొచ్చి, ఉప్పు మీద కంపెనీ, ఆ తర్వాత ప్రభుత్వం పెట్టిన పట్టు బిగిసి ఆ వ్యాపారం దెబ్బతింది. బతుకుదెరువు పోయినా తిరగడం ఆగలేదు. ఒకచోట నిలవని మనిషిని తెల్లదొరల ప్రభుత్వం అనుమానంగా చూసింది. 1871లో నేరస్థ తెగల చట్టం చేసింది. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికీ వచ్చింది. చట్టం కింద ప్రకటించిన తెగలో పుట్టినవాళ్ళ పేర్లు రిజిస్టరుకెక్కాయి. వేలిముద్రలు తీసుకున్నారు. హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే అనుమతి ఉండాలి. మనిషి ఏం చేశాడన్నది కాదు, ఏ తెగలో పుట్టాడన్నదే లెక్క. అప్పటి గుంటూరు జిల్లాలో, నేటి బాపట్ల జిల్లాలో ఉన్న స్టువర్టుపురం అలా వెలసిన సెటిల్‌మెంటే. దాని నిర్వహణ సాల్వేషన్ ఆర్మీ చేతిలో పెట్టారు.

దేశమంతటా ఆ చట్టం 1952 ఆగస్టు 31న రద్దయింది. కానీ చట్టం కాగితం మీద పోయినంత సులువుగా మాట నాలుక మీదినుంచి పోలేదు. ఇప్పటికీ స్టువర్టుపురం అనగానే దొంగల ఊరు అనేవాళ్ళున్నారు. అక్కడ చదువుకున్న పిల్లలు, ఉద్యోగాలు చేసేవాళ్ళు ఎందరున్నా ఊరి పేరు చెప్పడానికి వెనకాడాల్సి వచ్చింది. ఒక చట్టం పుట్టించిన తిట్టు ఆ చట్టం కన్నా ఎక్కువకాలం బతికింది.

అడవిలోనూ జరిగింది ఇదే. 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత తాతల నాటి పోడు 'ఆక్రమణ' అయింది. కట్టెలు తెచ్చుకున్న ఆడమనిషి 'దొంగ' అయింది. మళ్ళీ 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టం, అడవిలో బతికేవాళ్ళకు చారిత్రక అన్యాయం జరిగిందని తన ముందుమాటలోనే ఒప్పుకుంది. దొంగ అన్నదీ చట్టమే, అన్యాయం జరిగిందన్నదీ చట్టమే. మధ్యలో గడిచినవి నూటిరవై నాలుగేళ్ళు.

స్వతంత్రం వచ్చాక కూడా ఆఫీసు భాష మనల్ని కించపరచకుండా ఉండలేదు. 1975 నుంచి చెంచు, కొలాం, కొండరెడ్డి, తోటి వంటి తెగలను 'ఆదిమ తెగలు' అన్నారు. 2006లో గాని ఆ పేరు తీసి 'ప్రత్యేకించి దుర్బలమైన గిరిజన సమూహాలు' అని మార్చలేదు. సాయం చేయడానికి పెట్టిన పేరే అయినా, బడి పిల్లాడు దాన్ని చదివితే తన తాత ఇంకా రాతియుగంలో ఉన్నాడనుకుంటాడు.

ఈ తిట్టుకు జవాబు చెప్పినవాళ్ళూ మన చరిత్రలో ఉన్నారు. ముండా తెగకు చెందిన జైపాల్ సింగ్ 1946 డిసెంబరులో రాజ్యాంగ సభలో మాట్లాడుతూ, తాను జంగ్లీనని తానే చెప్పుకున్నాడు. జనం ఏ మాటతో తక్కువ చేస్తారో ఆ మాటనే పట్టుకుని నిలబడ్డాడు. ప్రజాస్వామ్యం ఆదివాసులకు ఎవరూ నేర్పనక్కర్లేదని, వాళ్ళ దగ్గరే నేర్చుకోవాలని అన్నాడు. 'ఆదివాసి' అన్న పేరు రాజ్యాంగంలో ఉండాలని వాదించాడు. రాజ్యాంగం 'షెడ్యూల్డు తెగలు' అనే రాసుకుంది. అయినా ఆదివాసి అన్న మాట మన నోట నిలిచింది.

చట్టం కూడా ఇప్పుడు మన చేతిలో ఉంది. 1989 అత్యాచారాల నిరోధక చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీ కానివాళ్ళు కులం పేరుతో నలుగురి ఎదుట మనల్ని దూషిస్తే అది నేరం. 2015 సవరణ తర్వాత ఇది సెక్షన్ 3(1)లోని ఆర్, ఎస్ క్లాజుల కింద ఉంది. 'నలుగురి ఎదుట' అన్నది ముఖ్యం. బయటివాళ్ళెవరూ లేకుండా నాలుగు గోడల మధ్య అన్న మాట ఈ క్లాజు కిందికి రాదని 2020లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో చెప్పింది. కాబట్టి అవమానం జరిగినప్పుడు ఎక్కడ, ఎవరి ఎదుట, ఏ మాట అన్నారో ఆ రోజే రాసిపెట్టుకోవాలని యువకులు గుర్తుంచుకోవాలి.

అయితే చట్టం చేరని చోట్లు రెండున్నాయి. ఒకటి మనలో మనం. కోయవాడు గొత్తికోయను, మైదానంలో ఉన్నవాడు కొండమీదివాడిని, చదువుకున్నవాడు చదువులేనివాడిని చిన్నచూపు చూస్తూ అనే మాటలు వింటూనే ఉన్నాం. మన మీద వేసిన తిట్టును తీసుకెళ్ళి మనకన్నా బలహీనుడి మీద వేయడం అది. రెండోది బడి. తల నెరిసిన తండ్రి పిల్లాడిని చేర్పించడానికొస్తే "ఏరా" అని పలకరించే టీచర్లున్నారు. ఆ పెద్దమనిషి మాత్రం తన ఊళ్ళో అందరినీ పిలిచినట్టే టీచరును "నువ్వు" అంటే మర్యాద తెలియదంటారు. రిజిస్టరులో మన పేర్లు పలకడం రాక కొత్త పేర్లు రాసిన బళ్ళూ ఉన్నాయి. వీటిలో ఏదీ తిట్టులా వినిపించదు. పిల్లాడికి మాత్రం వినిపిస్తుంది.

ఉపాధ్యాయులుగా మనం చేయగలిగిన పనులు పెద్దవేం కావు. పిల్లాడి పేరు వాళ్ళమ్మ పలికినట్టు పలకాలి, అలాగే రాయాలి. తల్లిదండ్రులను మీరు అనాలి. ఎవరైనా తెగ పేరును తిట్టుగా వాడితే పాఠం ఆపి, ఆ తెగ ఎవరో, ఎక్కడ బతికారో, ఆ పేరు తిట్టు ఎలా అయిందో పది నిమిషాలు చెప్పాలి. అన్నవాడినీ, పడ్డవాడినీ ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాలి. చరిత్ర తెలిసిన పిల్లాడు "కోయోడివా?" అని ఎవరైనా అడిగితే తల దించుకోడు. "అవును, కోయతోర్‌ని" అంటాడు.