ఒకే ఇంటిపేరు

గజ్జల్లో బిళ్ళ కట్టిందంటే కాలికి ఎక్కడో ముల్లు గుచ్చుకుని ఉంటుందని మన పెద్దవాళ్ళు ఇట్టే చెప్పేవారు. వాళ్ళు వైద్యం చదువుకోలేదు గానీ, చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. ఒంట్లోకి చొరబడ్డ క్రిములను తెల్లకణాలు పట్టుకునే ఠాణాలే ఆ గ్రంథులు. పని పడితే ఉబ్బుతాయి, పని అయిపోతే తగ్గుతాయి. తగ్గని వాటితోనే చిక్కంతా. అది క్షయ కావచ్చు. లేదా లింఫోమా, అంటే ఆ తెల్లకణాలకే పట్టిన కాన్సరు కావచ్చు. పైకి రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి: మెడలో గడ్డ, జ్వరం, రాత్రిపూట చెమటలు, తగ్గిపోయే బరువు.

ఈ తికమక ఈనాటిది కాదు. 1832లో లండన్ గైస్ ఆస్పత్రిలో పనిచేసే థామస్ హాడ్జ్‌కిన్ ఈ గ్రంథుల జబ్బును వివరంగా రాశాడు. 1898లో వియన్నాలో కార్ల్ స్టెర్న్‌బెర్గ్ సూక్ష్మదర్శినిలో దాని వింత కణాలను చూసి కూడా, ఇది క్షయలోనే ఒక రకం అన్నాడు. కాదు, అది వేరు ఇది వేరు అని 1902లో వాదించిన ఆవిడ డొరొతీ రీడ్ అనే అమెరికన్ డాక్టరు. తమాషా ఏమిటంటే, ఆ కణాలను ఇప్పుడు రీడ్-స్టెర్న్‌బెర్గ్ కణాలంటారు. మాట కలవని వాళ్ళిద్దరికీ పేర్లు మాత్రం కలిశాయన్నమాట!

అయితే లింఫోమాలు చాలా రకాలు. అన్నింటిలోనూ అలాంటి గుర్తుపట్టే కణాలుండవు. పైగా క్షయ ఎక్కువగా ఉన్న మన దేశంలో, మెడలో గడ్డ అనగానే అనుమానం ముందు దానిమీదికే పోతుంది. మా నల్లగండ్లలో నాకు తెలిసిన ఒక పెద్దాయన ముక్క పరీక్ష లేకుండానే నెలల తరబడి క్షయ మందులు మింగారు. గడ్డ తగ్గలేదు. చివరికి ముక్క తీసి పంపితే రిపోర్టులో ‘మోనోక్లోనల్’ అని వచ్చింది. “ఏమిటండీ ఈ మాట?” అని నన్నడిగారు.

ఆయనకు చెప్పిందే మీకూ చెబుతాను. 1976లో సుసుము టోనెగావా అనే జపాన్ శాస్త్రజ్ఞుడు స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో పనిచేస్తూ ఒక రహస్యం బయటపెట్టాడు. యాంటీబాడీలు తయారుచేసే తెల్లకణం ఎదిగేటప్పుడు తన జన్యువు ముక్కలను తనే కత్తిరించి, తనదైన పద్ధతిలో అతికించుకుంటుందట. దీనికే 1987లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ అతుకును ఇంటిపేరు అనుకోండి. ఒక కణం ఎన్ని పిల్లల్ని పెట్టినా అందరిదీ దాదాపు అదే ఇంటిపేరు. క్రిములతో పోరాడే గ్రంథిలో తిరునాళ్ళలా రకరకాల ఇంటిపేర్లవాళ్ళు పోగవుతారు. అదే కాన్సరైతే, ఊరంతా ఒకే ఇంటిపేరు! ఆ ఇంటిపేర్లను చదివేదే ఈ జన్యు పరీక్ష.

రెండో రకం పరీక్షకు మూలం ఆఫ్రికాలో ఉంది. ఉగాండాలో పిల్లల దవడలకు వచ్చే కణితుల గురించి 1958లో డెనిస్ బర్కిట్ అనే సర్జన్ రాశాడు. ఆ కణితి కణాల్లో 14వ క్రోమోజోముకు ఒక ముక్క అదనంగా అతుక్కుని ఉందని 1972లో తేలింది. అది 8వ దాని నుంచి వచ్చిందని 1976లో, దానితో పాటు ‘మిక్’ అనే జన్యువు వలస వచ్చిందని 1982లో కనుక్కున్నారు. కణాన్ని పెరగమని చెప్పే జన్యువది. వచ్చి చేరింది ఎప్పుడూ పనిచేసే యాంటీబాడీ జన్యువు పక్కన. ఇంకేముంది, స్విచ్చు ఆపడానికి వీల్లేని దీపమైంది! ఇలాంటి వలసలను రంగుల వెలుగుతో పట్టే పరీక్షను ‘ఫిష్’ అంటారు. హైదరాబాదువాళ్ళం కదా, ఆ పేరు వినగానే మృగశిర కార్తె చేపమందు గుర్తొస్తుంది. దానికీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు.

ఇంతా చేసి జన్యువు సాక్షి మాత్రమే, జడ్జి కాదు. మామూలు జబ్బులోనూ ఒక్కోసారి ఒకే ఇంటిపేరు కనిపించవచ్చు. 14, 18 క్రోమోజోముల మధ్య జరిగే మరో వలస ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ నెత్తుట్లో కూడా దొరుకుతుంది. అందుకే సూక్ష్మదర్శిని చెప్పినదీ, జన్యువు చెప్పినదీ, రోగి చెప్పినదీ పక్కపక్కన పెట్టుకుని డాక్టరు తీర్పివ్వాలి.

పేరు తేలితే ఏమొస్తుందంటారా? మందు మారుతుంది. 1895లో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో నడిపించిన పరిశోధనలోంచే మెథోట్రెక్సేటు మందు వచ్చింది. ఆయన 1948లోనే పోయారు. కానీ ఆ మందును బర్కిట్ లింఫోమాకు నేటికీ మిగతా మందులతో కలిపి వాడుతున్నారు. మెల్లగా పెరిగే కొన్ని లింఫోమాలకైతే, వెంటనే మందే ఇవ్వకుండా కనిపెట్టుకుని ఉంటారు. రెంటికీ ఒకే వైద్యం చేస్తే ఎట్లా?

నల్లగండ్లలో ఇప్పుడు కాన్సరు ఆస్పత్రే ఉంది. పక్కనే 1974లో పెట్టిన హైదరాబాదు విశ్వవిద్యాలయంలో జన్యువుల పాఠాలు చెబుతారు. కానీ ఎంత గొప్ప పరీక్షైనా ముక్క చేతికందాకే కదా మొదలయ్యేది! మెడలో గడ్డ నాలుగు వారాలైనా తగ్గకపోతే, డాక్టరుగారిని ఒక్క మాట మర్యాదగా అడగండి: “ముక్క తీసి చూద్దామాండీ?” మా పెద్దాయన మొదటి నెలలో అడగాల్సిన మాట అదే.