స్నూకర్‌ను బతుకుతెరువు చేసిన జో డేవిస్

జో డేవిస్ పేరు రాగానే క్రీడాభిమానులు చెప్పేది ఒకే అంకె: 15. ప్రపంచ స్నూకర్ చాంపియన్‌షిప్ 1927లో మొదలైంది. అప్పటినుంచి 1946 వరకు అది ఎన్నిసార్లు జరిగితే అన్నిసార్లూ ఆయనే గెలిచాడు. యుద్ధం వల్ల 1941 నుంచి 1945 దాకా పోటీలే లేవు. ఆ చాంపియన్‌షిప్‌లో ఓటమన్నది ఎరగకుండానే తప్పుకున్నాడు. గొప్ప విషయమే, సందేహం లేదు. అయితే ఆ వృత్తి జీవితాన్ని కప్పుల లెక్కతోనే తూచితే ఆయన చేసిన అసలు పని కంటికి ఆనదు. స్నూకర్ ఆడి పొట్టపోసుకోవచ్చని ఎవరూ నమ్మని రోజుల్లో ఆయన దాన్ని ఒక వృత్తిగా నిలబెట్టాడు. ఆయన ఘనత అందులోనే ఉంది, ఆయన లోపమూ అందులోనే ఉంది.

స్నూకర్ పుట్టింది మన దేశంలోనే. 1875లో జబల్‌పూర్‌లో బ్రిటిష్ సైనికాధికారులు కాలక్షేపానికి కల్పించుకున్న ఆట అది. ఊటీ క్లబ్బులో దానికి నియమాలు కుదిరాయి. ఇంగ్లండు చేరాక కూడా చాలాకాలం దాని హోదా కాలక్షేపానికి మించలేదు. పేరూ డబ్బూ ఉన్నది బిలియర్డ్స్‌కే. 1901లో డెర్బీషైర్‌లో పుట్టిన డేవిస్ కూడా, తండ్రి నడిపిన పబ్‌లోని బల్ల మీద మొదట నేర్చింది బిలియర్డ్సే. 1928లో అందులోనూ ప్రపంచ విజేత అయ్యాడు. కానీ నిపుణుల నైపుణ్యమే ఆ ఆటకు చేటు తెచ్చింది. 1932లో ఆస్ట్రేలియా ఆటగాడు వాల్టర్ లిండ్రమ్ ఒక్క బ్రేక్‌లో, అంటే తప్పకుండా వరసగా ఆడిన ఒకే విడతలో, 4,137 పాయింట్లు కొట్టాడు. అప్పుడు ప్రత్యర్థిగా కుర్చీలో కూర్చుని చూస్తున్నది డేవిసే. అంతసేపు ఒకే తరహా దెబ్బలు చూడటానికి జనం టికెట్టు కొనరు. డేవిస్ ఈ సంగతిని అంతకు ముందే పసిగట్టాడు. బర్మింగ్‌హామ్‌లో బిలియర్డ్స్ హాలు నడిపే బిల్ కామ్‌కిన్‌తో కలిసి, ఆట పెత్తనం చేతిలో ఉన్న సంఘాన్ని ఒప్పించి స్నూకర్ పోటీ పెట్టించాడు. తొలి విజేతగా ఆయన చేతికి వచ్చింది ఆరు పౌండ్ల పది షిల్లింగులు. ప్రవేశ రుసుమే అయిదు గినీలు, అంటే అయిదు పౌండ్ల అయిదు షిల్లింగులు! ఆ లెక్క చూసి కూడా మరుసటి ఏడాది మళ్లీ బరిలోకి దిగడమే ఆయన పట్టుదలకు రుజువు.

పోటీయే లేని చోట పదిహేను గెలుపులకు విలువేముంది అన్నది పాత ఆక్షేపణ. తోసిపుచ్చగలిగింది కాదు. 1931లో మొత్తం పోటీదారులు ఇద్దరే, డేవిస్, టామ్ డెన్నిస్. నాటింగ్‌హామ్‌లో డెన్నిస్ సొంత పబ్ వెనక గదిలో ఆ ఫైనల్ జరిగింది. డేవిస్ 25–21తో గెలిచాడు. అయితే ఎవరూ రాని ఏడాది కూడా ఆయన వచ్చాడు కాబట్టే ఆ పోటీ బతికింది. పైగా ఆట స్థాయి ఎంత పెరిగిందో అంకెలే చెబుతాయి. 1927 పోటీలన్నిటిలోకీ పెద్ద బ్రేక్ 60. 1946 ఫైనల్‌లో డేవిస్ ఒక్కడే ఆరు సెంచరీలు కొట్టాడు. బంతిని పాకెట్‌లో వేయడంతో సరిపెట్టుకోకుండా, తెల్లబంతిని తర్వాతి దెబ్బకు అనువైన చోట ఆపే విద్యను స్నూకర్‌కు అలవాటు చేసింది ఆయనే. నేడు టీవీలో మనం చూసే ఆట ఆ పద్ధతికి కొనసాగింపే. 1940 నాటికి ప్రత్యర్థులూ ఎదిగారు. సొంత తమ్ముడు ఫ్రెడ్ మీద ఆయన నెగ్గింది 37–36తో, ఒకే ఒక్క ఫ్రేమ్ తేడాతో.

స్నూకర్‌ను ఇంటింటికీ చేర్చింది 1969లో బీబీసీ మొదలుపెట్టిన 'పాట్ బ్లాక్' కార్యక్రమం కదా, డేవిస్‌కు ఆ ఘనత ఎందుకని అడిగేవారున్నారు. రంగుల టీవీ లేకపోతే ఈ ఆట ఇంత సంపన్నమయ్యేది కాదన్నది నిజం. కానీ కెమెరా ముందు నిలబడి ఆడగల వృత్తి ఆటగాళ్లు, నూరు దాటే బ్రేకులు, ప్రపంచ విజేత అనే గౌరవం, ఇవన్నీ టీవీ రాకముందే సమకూరి ఉన్నాయి.

నాకు బలంగా తోచే ఆక్షేపణ వేరే ఉంది. డేవిస్ కట్టిన ఇంటికి స్తంభం ఆయనొక్కడే. 1946లో చాంపియన్‌షిప్ వదిలాడు గాని ఆట వదల్లేదు. లండన్‌లోని లెస్టర్ స్క్వేర్ హాలు లీజులో భాగస్వామి. వృత్తి ఆటగాళ్లలో ఆయన మాటకు ఎదురులేదు. ఎవరికీ హ్యాండీక్యాప్ లేకుండా సమానంగా ఆడినప్పుడు ఆయన్ని ఓడించగలిగింది ఫ్రెడ్ ఒక్కడే. అందరికన్నా మేటి బయటే ఉన్నాడని తెలిశాక 'ప్రపంచ విజేత' బిరుదుకు జనంలో విలువేముంటుంది? 1952లో ఆటగాళ్లకూ సంఘానికీ మధ్య గొడవ ముదిరి, సంఘం పెట్టిన పోటీకి ఇద్దరే మిగిలారు. ఆటగాళ్లు వేరుగా పెట్టుకున్న పోటీ 1957తో ఆగిపోయింది. మళ్లీ ప్రపంచ టైటిల్ కోసం ఆట జరిగింది 1964లో, ఆటగాడు రెక్స్ విలియమ్స్ చొరవతో. అదే ఏడాది డేవిస్ పూర్తిగా ఆట విరమించాడు. ఆయన ఒక వృత్తిని సృష్టించాడు, తాను లేకపోయినా అది సాగే ఏర్పాటు మాత్రం చేయలేదు. ఆ పని తర్వాతి తరం చేసింది.